ముక్కాలి పీటతో మొదలెడదామా!

*తలుపు బిగుసుకుపోతే మేస్త్రీ కోసం వారం రోజులు ఎదురు చూస్తున్నాం. ఇంట్లో కుర్రాడికి మేకు కొట్టడం రాదు. అమ్మాయి చేతికి రంపమే ఇవ్వం. వడ్రంగంలో ఆరితేరాలంటే ఏళ్ళు పడుతుంది నిజమే. కానీ మొదటి మెట్టు ఎక్కడానికి పది రోజులు చాలు. ఆ పది రోజులూ ఎవరు నేర్పాలి, ఏం నేర్పాలి?*

కొత్త ఇల్లు కట్టేటప్పుడు గుమ్మం నిలబెట్టడం మన ఊళ్ళలో చిన్న పండగ. ముహూర్తం చూసి, ద్వారబంధానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, వడ్రంగి మేస్త్రీకి కొత్త బట్టలు పెట్టి దణ్ణం పెట్టేవాళ్ళు. పామిడిముక్కల, వీరంకిలాకు, మంటాడ చుట్టుపక్కల ఇప్పటికీ ఆ ముహూర్తం పెడుతూనే ఉన్నారు. కాకపోతే గుమ్మం మాత్రం చాలాసార్లు పట్నంలో తయారై ఆటోలో దిగుతోంది. తలుపులు షాపులోంచి, కిటికీలు ప్లాస్టిక్‌వి, బీరువాలు ప్లైవుడ్‌వి. దణ్ణం పెడదామంటే మేస్త్రీ ఎదురుగా ఉండడు.

ఇది పాత రోజుల మీద బెంగతో అంటున్న మాట కాదు. రెడీమేడ్ తలుపు చవగ్గా వస్తే కొనుక్కోవడంలో తప్పేం లేదు. చిక్కల్లా ఆ తర్వాత వస్తుంది. వానాకాలంలో తలుపు ఉబ్బి పట్టేస్తుంది. మంచం కోడు ఊగుతుంది. బడిలో బెంచీ పలక లేస్తుంది. ఇవన్నీ అరగంట పనులే. అయినా చేసేవాళ్ళు దొరకరు. దొరికినా ‘ఇంత చిన్న పనికి రాలేమండీ’ అంటారు. వాళ్ళనీ ఏమనలేం. ఒక్క బెంచీ పలక కోసం పనిరోజు పోగొట్టుకుంటే వాళ్ళ ఇల్లు ఎలా గడుస్తుంది?

చూసి నేర్చుకునే చదువు

ఒకప్పుడు ఈ డెల్టాలో వడ్రంగి లేని ఊరు లేదు. నాగలి, కాడి, గొర్రు, బండి ఇరుసు, చక్రం ఆకులు, ఇంటి దూలాలు, ఉయ్యాల బల్ల, పిల్లాడి మూడు చక్రాల బండి... అన్నీ ఆయన చేతి మీదుగానే. కోతలయ్యాక కళ్ళంలో ఆయనకు రావలసిన మేర ఆయనకు కొలిచేవాళ్ళు. చెరకు బళ్ళు ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీకి బారులు తీరిన రోజుల్లో చక్రాల పని ఊపిరాడనిచ్చేది కాదు. ట్రాక్టరొచ్చింది. కాడి, నాగలి అటకెక్కాయి. మేర పోయింది. పిల్లలు చదువులకు వెళ్ళారు. వెళ్ళాలి కూడా.

అయితే పనితో పాటు ఇంకొకటి కూడా పోయింది. అది నేర్పే పద్ధతి. వడ్రంగం పాఠం కాగితం మీద ఉండేది కాదు. పిల్లాడు ఐదారేళ్ళకే తండ్రి పక్కన కూచుని పొట్టు ఎత్తేవాడు. తర్వాత పనిముట్లు అందించేవాడు. ఆ తర్వాత సాన పట్టేవాడు. ఉలి చేతికొచ్చేసరికి చెక్క వాసన చూసి ఏ చెట్టుదో చెప్పగలిగేవాడు. గొప్ప చదువే అది. కానీ అందులో రెండు లోపాలున్నాయి. ఆ ఇంట్లో పుట్టినవాడికే అది అందేది. ఆడపిల్లకు ఆ ఇంట్లో పుట్టినా అందేది కాదు. ఇప్పుడు ఆ ఇళ్ళలోనే నేర్చుకునేవాళ్ళు తగ్గిపోయాక, బయటివాళ్ళకు నేర్పే దారి ఒకటి లేకపోతే పెద్ద మేస్త్రీల చేతుల్లో ఉన్నదంతా వాళ్ళతోనే వెళ్ళిపోతుంది.

బందరు ఎప్పుడో వేసిన దారి

పుస్తకం చదువుతో పాటు చేతిపని నేర్పాలన్న ఆలోచన మనకు కొత్తదేం కాదు. వందేమాతరం ఉద్యమం రోజుల్లో, 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర దేశంలో తిరిగి ఉపన్యాసాలిచ్చారు. ఆ వేడిలో పుట్టిందే మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాల. 1910లో మొదలైంది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య దాని వెనక నిలిచిన ముగ్గురు. లా చదివిన హనుమంతరావు ప్లీడరీ జోలికి పోకుండా 1922లో కన్నుమూసేదాకా ఆ కళాశాలకే అంకితమైపోయారు.

అప్పట్లో ఇంగ్లీషు చదువంటే గుమాస్తా ఉద్యోగానికి మెట్టు. చేతికి మట్టి అంటడం నామోషీ. సరిగ్గా ఆ నామోషీని పోగొట్టడానికే జాతీయ కళాశాలలో పాఠాలతో పాటు వర్క్‌షాపు పని, చేతివృత్తులు, చిత్రకళ పెట్టారు. అడివి బాపిరాజు అక్కడే ప్రమోద్ కుమార్ చటర్జీ దగ్గర చిత్రలేఖనం నేర్చుకున్నారు. ఆ తర్వాత 1937లో వార్ధాలో గాంధీజీ ‘నయీ తాలీమ్’ పేరుతో చేతిపనిని చదువుకు కేంద్రంగా పెట్టమని దేశానికి చెప్పారు. ఆ మాట కంటే పాతికేళ్ళకు పైగా ముందే బందరులో ఆ ప్రయత్నం జరిగింది.

మనమే కాదు. ఫిన్లాండులో 1866లోనే పల్లెటూరి బళ్ళలో మగపిల్లలకు చెక్కపని తప్పనిసరి చేశారు. ‘స్లాయిడ్’ అంటారు దాన్ని. పక్కనున్న స్వీడన్‌లో ఓటో సాలమన్ అనే ఆయన నేస్ అనే చోట టీచర్లకు ఈ పని నేర్పే బడి పెడితే, ఎన్నో దేశాల నుంచి వచ్చి నేర్చుకున్నారు. ఆయన పెట్టుకున్న నియమాలు చాలా సాదా. తేలిక దానితో మొదలెట్టి కష్టమైన దానికి వెళ్ళాలి. మొదటి పనిముట్టు చాకు. చేసే ప్రతి వస్తువూ ఇంట్లో పనికొచ్చేదై ఉండాలి. పిల్లాడు చేసింది వాళ్ళమ్మ వాడుకోవాలి. వడ్రంగుల్ని తయారు చేయడం ఆయన ఉద్దేశం కాదు. కన్ను, చెయ్యి, ఓపిక... ఈ మూడూ కుదరాలన్నదే.

ఇప్పుడున్న దారులు ఎవరికి?

‘నేర్చుకోవాలనుంటే ఐటీఐ ఉందిగా’ అనొచ్చు. ఉంది. కార్పెంటర్ ట్రేడు ఏడాది కోర్సు. ఎనిమిది పాసైతే చాలు. వృత్తిలో స్థిరపడదామనుకునే కుర్రాడికి మంచి దారే. కానీ ఏడాది కేటాయించలేని వాళ్ళకు, అసలు తమకు ఈ పని నచ్చుతుందో లేదో తెలియని వాళ్ళకు కాదు.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. వడ్రంగం ఉంది, పడవల తయారీ ఉంది, బొమ్మల తయారీ ఉంది. ఐదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, కావాలంటే 15 రోజుల పై శిక్షణ, శిక్షణ రోజులకు రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15 వేలు, ఐదు శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల దాకా అప్పు. బాగుంది. అయితే ఒక మెలిక ఉంది. అది 18 ఏళ్ళు నిండి, ఇప్పటికే ఆ పని చేసుకుంటున్న వాళ్ళ కోసం. మీకు ఉలి పట్టడం రాదు, నేర్చుకుందామనుకుంటున్నారు అంటే ఆ పథకం మీది కాదు.

మరి మొదటిసారి రంపం పట్టుకునేవాళ్ళకు ఏముంది? 2020 జాతీయ విద్యావిధానంలో చక్కటి మాటొకటి ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజుల పాటు పుస్తకాల సంచీ వద్దు, ఆ రోజుల్లో స్థానికంగా ఉండే వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటి వాళ్ళ దగ్గర పని నేర్చుకోవాలని రాశారు. పది రోజులంటే తక్కువేం కాదు. వాటిని సరిగ్గా వాడుకోవడమే తెలియాలి. పిల్లలకే కాదు, రిటైరైన మాస్టారికైనా, ఇంటిపట్టున ఉండే గృహిణికైనా ఇదే వరస పనికొస్తుంది.

పది రోజుల పాఠం

*మొదటి రోజు: చెక్కతో పరిచయం.* రంపం ముట్టుకోవద్దు. తుమ్మ, వేప, టేకు, మామిడి, కొబ్బరి ముక్కలు తలా ఒకటి చేతికివ్వండి. బరువు చూడమనండి, వాసన చూడమనండి, గోటితో నొక్కమనండి. మధ్యలో ముదురు రంగులో ఉండేది చేవ. చుట్టూ లేతగా ఉండే భాగాన్ని పురుగు ముందు పట్టుకుంటుంది. ‘చేవ ఉన్న మనిషి’ అని మనం ఊరికే అనడం లేదని పిల్లలకు అప్పుడు తెలుస్తుంది. నార ఏ దిక్కుకు పోతోందో గుర్తుపట్టడం ఆ రోజు పాఠం. మిగిలిన తొమ్మిది రోజులూ దాని మీదే నడుస్తాయి.

*రెండో రోజు: కొలత, గీత.* మూలమట్టం నిజమైనదో కాదో ముందు తేల్చాలి. నిటారు అంచుకు ఆనించి గీత గీయండి. మట్టాన్ని అటు తిప్పి అదే చోటి నుంచి మళ్ళీ గీయండి. రెండు గీతలూ ఒకటైతే అది మంచిది. విడిపోతే ఆ మట్టం పక్కన పడేయాల్సిందే. తర్వాత తాడుతో మూడడుగులు, నాలుగడుగులు, ఐదడుగులు కొలిచి మూల పట్టడం చూపించండి. లెక్కల పుస్తకంలో బెదరగొట్టిన పైథాగరస్ సిద్ధాంతం ఇక్కడ చేతిలోకి వచ్చేస్తుంది. చట్రం సరిగ్గా ఉందా లేదా అన్నది రెండు మూలల మధ్య అడ్డంగా కొలిస్తే తెలుస్తుంది. రెండు కొలతలూ సమానంగా ఉండాలి.

*మూడో రోజు: రంపం.* కొత్తవాళ్ళు చేసే మొదటి తప్పు, రంపాన్ని గట్టిగా అదమడం. రంపం తన బరువుతోనే కోస్తుంది, మనం దాన్ని నడిపించాలంతే. చూపుడు వేలు రంపం పోయే దిక్కుకు చాచి పట్టుకుంటే మణికట్టు తిరగదు. గీత మీద కోయకూడదు, పనికిరాని ముక్క వైపు గీతను ఆనుకుని కోయాలి. ఎందుకంటే రంపం పళ్ళ మందం కూడా కొంత చెక్కను తినేస్తుంది.

*నాలుగో రోజు: చిత్రిక.* రాసిన దాన్ని మళ్ళీ మళ్ళీ దిద్దడాన్ని చిత్రిక పట్టడం అంటారు మన సాహిత్యంలో. ఆ మాట పుట్టింది వడ్రంగి బల్ల మీదే. నార వాలు వెంట తోస్తే పొట్టు పొడుగ్గా, పల్చగా, ముడి విప్పిన రిబ్బనులా వస్తుంది. ఎదురు తోస్తే చెక్క చిరుగుతుంది. మొదటి రోజు నార గుర్తుపట్టమన్నది ఇందుకే.

*ఐదో రోజు: పదును.* రోజంతా దీనికే. ‘ఆడలేక మద్దెల ఓడు’ అంటాం కానీ, వడ్రంగంలో చాలాసార్లు మద్దెల నిజంగానే ఓడు! మొద్దుబారిన ఉలితో ఎంత చేసినా పని రాదు. పైగా గట్టిగా తోస్తాం కాబట్టి జారి చేతిలో దిగుతుంది. ఉలి అంచు 25 నుంచి 30 డిగ్రీల వాలులో ఉండాలి. ఆ వాలు చెదరకుండా రాయి మీద ఆడించడమే విద్య. పదును వచ్చిందో లేదో వేలితో చూడొద్దు, కాగితం కోసి చూడండి.

*ఆరు, ఏడు రోజులు: అతుకులు.* ఒక చెక్క చివర నాలుకలా చెక్కింది కుసె. అది దిగే గుంట బెజ్జం. గుమ్మాలు, మంచాలు, కుర్చీలు ఇన్నేళ్ళు నిలబడింది ఈ జత మీదే. చెక్క మందాన్ని మూడు భాగాలు చేస్తే మధ్య భాగం కుసెకు పోతుందన్నది మోటు లెక్క. మొదటి కుసె వదులవుతుంది. రెండోది బిగుసుకుపోయి బెజ్జాన్ని చీలుస్తుంది. మూడోది చేత్తో తోస్తే సగం దిగి, కొయ్యసుత్తితో నాలుగు దెబ్బలకు పూర్తిగా కూచుంటుంది. అప్పుడా మొహంలో వచ్చే వెలుగు చూడాలి.

*ఎనిమిది నుంచి పది రోజులు: ముక్కాలి పీట.* నాలుగు కాళ్ళది ఎందుకు కాదు? నాలుగు కాళ్ళ స్టూలు కొత్తవాడు చేస్తే తప్పకుండా ఊగుతుంది. ఊగకుండా ఒక కాలు కోస్తాడు, ఇంకో వైపు ఊగుతుంది, అదీ కోస్తాడు. చివరికి స్టూలు కాస్తా పీటవుతుంది. మూడు కాళ్ళది గతుకుల నేల మీదైనా, పశువుల కొట్టంలోనైనా కదలకుండా నిలబడుతుంది. పలకకు మూడు బెజ్జాలు, కాళ్ళ చివర గుండ్రటి కుసెలు. కుసె కొసన రంపంతో గాటు పెట్టి, బిగించాక పైనుంచి చిన్న చెక్క మేకు కొడితే అది విచ్చుకుని మళ్ళీ ఊడి రాదు. ఆ మేకు పలక నారకు అడ్డంగా ఉండాలి. నార వెంటే కొడితే పలక నిలువునా చీలుతుంది. చెక్క మధ్య మేకు చేసే పని చిన్నది కాదని పంచతంత్రంలో కోతి కథ చదివినవాళ్ళందరికీ తెలుసు!

పీట నున్నగా లేకపోయినా ఫరవాలేదు. పదో రోజు సాయంత్రం దాన్ని ఇంటికి పట్టుకెళ్ళి, మీద నాన్నమ్మను కూచోబెట్టాలి. అదే పరీక్ష.

మిషను తర్వాత, జాగ్రత్త ముందు

యూట్యూబు చూసి చాలామంది కుర్రాళ్ళు నేరుగా కరెంటు మిషను కొంటున్నారు. ముఖ్యంగా చేతి గ్రైండరుకు రంపం పళ్ళ బ్లేడు తగిలించి, అడ్డొస్తోందని గార్డు తీసేసి వాడడం ఊళ్ళలో మామూలైపోయింది. అది చాలా ప్రమాదం. బ్లేడు చెక్కలో పట్టేస్తే మిషను వెనక్కి ఎగిరి తన్నుతుంది. తప్పించుకునే టైము ఉండదు. చేతి పనిముట్లతో నార, ముడి, బిగువు తెలిసినవాడికి మిషను ఎక్కడ మొండికేస్తుందో ముందే అర్థమవుతుంది. అందుకే చెయ్యి ముందు, మిషను తర్వాత.

నాలుగు నియమాలు గోడ మీద రాసి పెట్టండి. రెండు చేతులూ ఎప్పుడూ ఉలి అంచుకు వెనకే ఉండాలి. తిరిగే మిషను దగ్గర గ్లౌజులు, చున్నీ, వదులు చేతులు, గాజులు వద్దు. కళ్ళకు అద్దాలు ఉండాల్సిందే. చెక్క పొడిని తేలిగ్గా తీసుకోవద్దు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే దాన్ని మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే వాటి జాబితాలో పెట్టింది. కాబట్టి మూతికి మాస్కు, గదికి గాలి.

మన గాలికి, మన చెక్క

నేర్పేటప్పుడు ఈ ప్రాంతం సంగతి కూడా చెప్పాలి. సముద్రం దగ్గర, చుట్టూ కాలవలు, వరిచేలు. గాలిలో ఎప్పుడూ చెమ్మే. చెక్క నార పొడవునా దాదాపు పెరగదు కానీ అడ్డంగా మాత్రం ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది. శ్రావణంలో పట్టేసిన తలుపును గీకి గీకి చిత్రిక పడితే వేసవిలో సందులోంచి వీధి కనపడుతుంది. వెడల్పు పలకకు అడ్డ పట్టీలు కదలకుండా బిగిస్తే పలకే చీలుతుంది. పాత మేస్త్రీలు కొంచెం ఆట వదిలేది అందుకే.

పచ్చికర్రతో పీట చేయొద్దు. నీడలో, గాలి ఆడేలా, మధ్యలో పుల్లలు పెట్టి పేర్చాలి. అంగుళం మందానికి సుమారు ఏడాది ఆరబెట్టడం పాత లెక్క. అంత ఓపిక లేకపోతే పాత ఇళ్ళు విప్పినప్పుడు వచ్చే దూలాలు, తలుపు పలకలు వెతకండి. దశాబ్దాల పాటు ఆరిన చెక్క అది. మేకులు మాత్రం పూర్తిగా పీకండి, లేకపోతే రంపం పళ్ళు పోతాయి. నేర్చుకునేవాళ్ళకు దాన్ని మించిన సరుకు లేదు, ఖర్చూ తక్కువే.

ఎవరు నేర్పాలి?

చెక్కపనిలో ఎంత సూక్ష్మం ఉందో చూడాలంటే దూరం వెళ్ళక్కర్లేదు. బందరు పక్కనే పెడనలో కలంకారీ అద్దకానికి వాడే అచ్చుదిమ్మలు టేకు మీద చెక్కుతారు. ఒకే పువ్వుకు ఒక్కో రంగుకూ ఒక్కో దిమ్మ. వెంట్రుకంత గీత తప్పినా బట్ట మీద రంగు పక్కకు జరుగుతుంది. కొండపల్లిలో తెల్లపొణికి చెక్కతో బొమ్మ ఒళ్ళు, చేతులు విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపంపొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఇలాంటి చోటికి పిల్లల్ని ఒక్క పూట తీసుకెళ్తే వంద వీడియోల పెట్టు.

ఊళ్ళో నేర్పడానికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. బడిలో వాడని గది ఒకటి. నిలబడితే అరచెయ్యి ఆనేంత ఎత్తున గట్టి బల్లలు రెండు. ఇద్దరికో రంపం, మూలమట్టం, ముగ్గురికో చిత్రిక, రెండు మూడు సైజుల ఉలులు, సానరాయి, చేతి బరమా. మిగతా బడి సామాను లాగే వీటికీ లెక్క, తాళం. ఒక్కో జట్టుకు పది మంది మించొద్దు. అమ్మాయిలు సగం ఉండాలి.

ఇక మేస్త్రీ. మంటాడలోనో, వీరంకిలాకులోనో, మీ వీధి చివరో పని తగ్గించేసిన పెద్ద మేస్త్రీ ఒకాయన ఉండే ఉంటాడు. ఆయన్ని పిలవండి. అయితే ‘బాబాయ్, కాస్త వచ్చి పిల్లలకు చూపించు’ అని ఊరికే కాదు. రోజు కూలికి తగ్గకుండా డబ్బివ్వాలి. బోర్డు మీద పేరు రాయాలి. మాస్టార్ల మధ్య కుర్చీ వేయాలి. ఇన్నాళ్ళూ ఆయన పనికి విలువ కట్టాం కానీ ఆయనకు తెలిసిన దానికి కట్టలేదు. కొందరు మేస్త్రీలకు పని చేయడం తెలిసినంతగా మాటల్లో చెప్పడం రాదు. అప్పుడు లెక్కల మాస్టారో, సైన్సు టీచరో పక్కన నిలబడి ‘ఎందుకలా తిప్పారు?’ అని అడుగుతూ పిల్లలతో రాయించాలి. అలా రాసిన నోటుబుక్కే రేపు వచ్చే జట్టుకు పాఠ్యపుస్తకం.

ఒకప్పుడు హైస్కూళ్ళలో క్రాఫ్టు మాస్టార్లు ఉండేవాళ్ళు. మళ్ళీ ఆ రోజులు ఎప్పుడొస్తాయో అని చూస్తూ కూచుంటే ఈ పెద్దవాళ్ళ చేతులు అందాకా ఆగవు. పూర్వ విద్యార్థుల సంఘాలు బడికి గేటు కట్టిస్తున్నాయి, స్టేజీ కట్టిస్తున్నాయి. ఈసారి ఒక వడ్రంగి బల్ల, పది ఉలులు కొనివ్వండి. వచ్చే వేసవి సెలవుల్లోనే మొదటి జట్టును కూచోబెట్టొచ్చు.